రేకు ఎక్కడ ఆగాలి?

గచ్చిబౌలిలో మా ల్యాబ్‌లో ఇవాళ మైక్రోస్కోప్ కింద రెండు అరబిడాప్సిస్ (ల్యాబ్‌లలో ప్రయోగాలకు వాడే ఆవాల జాతి చిన్న మొక్క) పూలు పక్కపక్కన పెట్టి చూశాను, ఒకటి మామూలు మొక్కది, ఇంకోటి బిగ్ బ్రదర్ అనే జన్యువు పనిచేయని మొక్కది, రెండో దాని రేకులు ఎంత పెద్దగా ఉన్నాయో! ఆ జన్యువు తయారుచేసే ప్రోటీన్ వేరే ప్రోటీన్లకు యుబిక్విటిన్ అనే చిన్న ప్రోటీన్‌ను గుర్తులా తగిలించి పెరుగుదలకు బ్రేక్ వేస్తుంది. అది లేకపోతే కణాలు ఇంకా కొంతకాలం విభజన చెందుతూనే ఉంటాయి.

ఐంటెగ్యుమెంటా అనే ఇంకో జన్యువు దీనికి పూర్తిగా రివర్స్, విభజన సాగేలా చూస్తుంది, అది పోతే రేకులు చిన్నవైపోతాయి. బిగ్‌పెటల్ అనే మూడో జన్యువు మాత్రం కణాల సంఖ్య జోలికి పోదు, ఒక్కో కణం మరీ పెద్దది కాకుండా ఆపుతుంది. నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే. గుడిమల్కాపూర్ మార్కెట్‌లో చామంతి రాశులు చూసినప్పుడల్లా ఇక ఇదే అడగాలనిపిస్తుంది: ఈ రేకులో కణాలు ఎక్కువా, పెద్దవా?