బెజవాడలో ఆర్చ్‌టాప్ విన్న రోజు

విశాఖపట్నం నుంచి మధ్యాహ్నం బయలుదేరే రత్నాచల్ ఎక్స్‌ప్రెస్‌లో గిటారు పెట్టెతో ప్రయాణించడానికి కొంచెం ఓర్పు కావాలి. అది కూర్చునే సీట్ల బండి కావడం వల్ల పెట్టెను పడుకోబెట్టడానికి బెర్తు ఉండదు. పైనున్న అరలో పెడితే సామర్లకోటలోనో రాజమహేంద్రవరంలోనో ఎక్కినవారి సంచులన్నీ దాని మీదికే చేరతాయి. అందువల్ల సుమారు 350 కిలోమీటర్ల దూరమూ దానిని మోకాళ్ల మధ్య నిలబెట్టుకునే కూర్చున్నాను. తుని దాటాక ఎదుటి సీటులోని పెద్దావిడ పెట్టె వంక కాసేపు చూసి, "ఏ చర్చి బాబూ మీది?" అని అడిగారు. నేను చర్చిలో వాయించేవాణ్ణి కాదు గానీ, ఆవిడ అలా అడగడం సహజమే. కోస్తా ఊళ్లలో గిటారు వారం వారం తప్పకుండా వినిపించే చోటు చర్చి. నేను వెళ్తున్న సమావేశాన్ని ఆదివారం కాక శనివారం పెట్టుకోవడానికి కారణం కూడా, వచ్చేవారిలో సగం మంది ఆదివారం ఉదయం ఆరాధనలో వాయించవలసినవారు కావడమే.

విజయవాడ, గుంటూరు ప్రాంతాల గిటారు ప్రియులు కొందరు సంక్రాంతి సందడి తగ్గిన తరువాత ఒకరి ఇంట్లో చేరి, తమ దగ్గరున్న మంచి వాద్యాలను ఒకరికొకరు చూపించుకుంటారని ఒక మిత్రుని ద్వారా తెలిసింది. రమ్మన్నప్పుడు వారు పెట్టిన షరతు ఒక్కటే: ఎవరు ఏది తెచ్చినా దానిని పక్కవారి ఒడిలో పెట్టడానికి వెనుకాడకూడదు. నాకు ముఖ్యమైన ఆకర్షణ వేరే ఉంది. గోపురంలా ఉబికేటట్టు చెక్కిన పలకలతో చేసిన అసలైన ఆర్చ్‌టాప్ గిటారును నేను అంతవరకు చేతితో తాకలేదు. ఆ వాద్యం గదిలో ఒంటరిగా పొడిగా, పేలవంగా పలుకుతుందని కొందరు, దానికి సాటి లేదని కొందరు చెప్పగా విన్నాను. ఇంత విరుద్ధమైన మాటలు ఒకే వాద్యం గురించి ఎలా పుట్టాయో నా చెవులతో తేల్చుకోవాలనిపించింది.

ఆ రాత్రి గాంధీనగర్‌లో బస చేసి, ఉదయం ఆటోలో సత్యనారాయణపురం చేరాను. ఆతిథ్యమిచ్చినది ఒక డాక్టరుగారు. మేడ మీద హాలులో కుర్చీలన్నీ తీసివేసి, చాపల మీద దుప్పట్లు పరిచి, గిటార్లను వాటి మీద వెల్లకిలా పడుకోబెట్టారు. మెట్ల దగ్గరే ఒక బకెట్టు నీళ్లు, సబ్బు, తువ్వాలు ఉన్నాయి. పెసరట్టు తిన్న చేతితో ఎవరూ వాద్యం ముట్టుకోకూడదని, ఉంగరాలు, చేతి గడియారాలు, బెల్టులు కూడా తీసి పక్కన పెట్టాలని డాక్టరుగారు వచ్చిన ప్రతివారికీ నవ్వుతూనే, కానీ ఖచ్చితంగా చెప్పారు. పాత గిటార్ల మీది నైట్రోసెల్యులోజ్ పూత చెమటకు మెత్తబడుతుందనీ, బెల్టు బకిలు ఒక్క నిమిషంలో చేసే గీతను ఏ పాలిషూ మాన్పలేదనీ ఎరిగినవారికి ఈ నియమాలు అతిగా కనిపించవు.

మొదట చేతులు మారినది డాక్టరుగారి మార్టిన్ డి-28. ఆయన అన్నగారు అమెరికాలో ఉన్నప్పుడు, 1970లలో కొన్న గిటారు అది. మార్టిన్ సంస్థ 1833లో న్యూయార్కులో మొదలై, కొన్నేళ్లకే పెన్సిల్వేనియాలోని నజరెత్ అనే ఊరికి తరలింది. డ్రెడ్‌నాట్ అనే ఈ వెడల్పాటి నడుము గల ఆకారాన్ని ఆ సంస్థ 1916లో డిట్సన్ అనే వ్యాపార సంస్థ కోసం చేసి, 1931 నుంచి తన పేరుతోనే అమ్మసాగింది; ఆ పేరు 1906లో జలప్రవేశం చేసిన బ్రిటిష్ యుద్ధనౌకది. 1969 వరకు ఈ గిటార్ల వెనుక పలకకు, పక్కలకు బ్రెజిల్ రోజ్‌వుడ్ వాడేవారు. బ్రెజిల్ దుంగల ఎగుమతిని ఆపివేయడంతో ఆ తరువాత భారతీయ రోజ్‌వుడ్‌కు, అంటే మన జిట్రేగికి మారారు. దక్షిణ భారతపు అడవి చెట్టు నజరెత్ దాకా వెళ్లి, గిటారై, కృష్ణ ఒడ్డుకు తిరిగి వచ్చిందన్నమాట. డాక్టరుగారు దానిని బోర్లా తిప్పి ఊదారంగు చారలను వేలితో చూపిస్తూ, "వీడు ఎన్నారై కాదు, మన ఊరివాడే" అన్నారు. 2017లో రోజ్‌వుడ్ జాతులన్నింటి అంతర్జాతీయ వ్యాపారం మీద నియంత్రణ వచ్చి, 2019లో తయారైన వాద్యాలకు సడలింపు దొరికే దాకా ఇటువంటి గిటార్లను అమ్మడం, కొనడం ఎంత చికాకో ఇద్దరు ముగ్గురు వివరించారు. ఈ కాగితాల గొడవ మీద జరిగిన చర్చ అవసరమైన దానికన్నా ఎక్కువసేపే సాగింది.

గిటారు మాత్రం అద్భుతం. ఒక్క జి కార్డు (కలిపి పలికించే స్వరాల గుంపు) మీటితే మంద్రం కింది నుంచి లేచి హాలంతా నిండింది, చాలాసేపు నిలిచింది. దాని తరువాత వంతు నాదే. నేను తీసుకెళ్లినది ఎర్ర లేబుల్ గల పాత యమహా ఎఫ్‌జి-180. 1966లో మొదలైన ఈ నమూనా పైపలక ప్లైవుడ్‌దే అయినా, దానిని చిన్నచూపు చూసినవారు అక్కడ ఒక్కరూ లేరు.

ఆర్చ్‌టాప్‌ను తెచ్చినది తాడేపల్లి నుంచి వచ్చిన ఒక యువకుడు. సాఫ్ట్‌వేరు ఉద్యోగంలో కొన్నేళ్లు కూడబెట్టి, బీజింగ్‌కు చెందిన ఈస్ట్‌మన్ సంస్థ చేసిన చెక్కుడు గిటారును తెప్పించుకున్నాడు. మామూలు గిటారు పైపలక పలుచని చదును చెక్క. దీనికి అలా కాదు. స్ప్రూస్ అనే చెక్క మందమైన దిమ్మెను ఉలితో, చిత్రికతో తొలిచి, నడుమ కొంచెం మందంగా, అంచుల వైపు పలుచగా గోపురంలా ఉబికి ఉండేటట్టు మలుస్తారు. వెనుక పలకను మేపుల్ చెక్కతో అదే విధంగా చెక్కుతారు. గుండ్రని రంధ్రం ఉండదు. వయొలిన్‌కు ఉన్నట్టు రెండు పక్కలా ఎఫ్ ఆకారపు రంధ్రాలుంటాయి. తీగలు, వాటిని పలక మీద ఎత్తి నిలిపే బ్రిడ్జికి అంటుకొని ఆగవు. బ్రిడ్జి మీదుగా దిగి, గిటారు అడుగు అంచుకు బిగించిన లోహపు టెయిల్‌పీసులో ముగుస్తాయి. బ్రిడ్జికి జిగురు కూడా ఉండదు. తీగల ఒత్తిడితోనే నిలబడుతుంది. కాబట్టి తీగలను ఒకటొకటిగా మార్చాలి తప్ప అన్నీ ఒకేసారి విప్పకూడదు, విప్పితే బ్రిడ్జి జారి స్వరస్థానాలు తప్పుతాయి.

అదే వీధిలో వీణ నేర్పే ఒక పెద్దావిడ ఈ సందడి విని పైకి వచ్చారు. అందరూ ఎఫ్ రంధ్రాలను చూసి ముచ్చటపడుతుంటే ఆవిడ చూపు తిన్నగా టెయిల్‌పీసు మీదికి వెళ్లింది. వీణలో తీగల చివరలను పట్టి ఉంచే భాగాన్ని నాగపాశమని, బ్రిడ్జిని గుర్రమని అంటారు. "నాగపాశం ఇక్కడ పెట్టారే! గుర్రాన్ని కూడా మాలాగే తీగల బిగువుతో నిలబెట్టారు. మరి ఆ పక్క గిటార్లకు ఈ ఏర్పాటు లేదేం నాయనా?" అని ఆ యువకుణ్ణి అడిగారు. అతను తడబడకుండా జవాబు చెప్పాడు. "వాటి గుర్రాన్ని పలకకే అతికిస్తారమ్మా. తీగలు దాన్ని ముందుకు గుంజుతుంటాయి, ఆ గుంజుడుకే పలక ఊగుతుంది. దీనిలో గుంజే బరువంతా నాగపాశం మోస్తుంది. పలక మీద పడేది కిందికి నొక్కే బరువు మాత్రమే." ఆవిడ తలాడించి, తమ ఇంట్లో ఉన్న నూజివీడు వీణ గురించి చెప్పారు. పనస దుంగ నుంచి కుండను తొలిచేటప్పుడు గోడ మందం విషయంలో పనివాడి చేతికి ఉండే లెక్క గురించి ఆవిడ చెప్పిన నాలుగు మాటలు, గిటారు చెక్కడం గురించి నేను అంతకుముందు తెలుసుకున్న దానికన్నా స్పష్టంగా ఉన్నాయి.

ఈ చెక్కుడు పద్ధతికి మూలపురుషుడు మిషిగన్‌లోని కలమజూలో ఉండిన ఆర్విల్ గిబ్సన్. 1898లో ఆయన మాండొలిన్ నిర్మాణానికి పేటెంటు పొందారు. 1902లో ఆయన పేరున సంస్థ ఏర్పడింది. ఎఫ్ రంధ్రాలతో ఎల్-5 నమూనా 1922లో, వాద్య రూపకర్త లాయిడ్ లోర్ ఆ సంస్థలో ఉన్న కాలంలో వచ్చింది. 1934లో వచ్చిన సూపర్ 400 వెడల్పు 18 అంగుళాలు, ధర పేరులో ఉన్నట్టే 400 డాలర్లు. ఆకారం క్రమంగా పెరగడానికి కారణం ఆడంబరం కాదు. మైకు, యాంప్లిఫయరు లేని రోజుల్లో, వరుసగా కూర్చున్న ట్రంపెట్లు, శాక్సఫోన్ల మధ్య గిటారు వినిపించాలి.

ఈ చరిత్ర తెలిసినా, యువకుడు ఒంటరిగా వాయించినప్పుడు హాలులో కొందరి ముఖాలు చిన్నబోయాయి. డి-28 తరువాత ఇది ముక్తసరిగా మాట్లాడే మనిషిలా ఉంది: మీటగానే ఠక్కున పలికి, ఠక్కున ఆగింది. మంద్రం తక్కువ. "దీనికా అంత డబ్బు పోశావు తమ్ముడూ!" అని ఎవరో అననే అన్నారు. అతను నొచ్చుకోలేదు. అందరినీ కలిసి వాయించమని, ఒక్కరు మాత్రం మెట్ల దగ్గరికి వెళ్లి వినమని కోరాడు. నేను లేచాను.

లోపల అరడజను గిటార్లు, ఒక కీబోర్డు, తబలా మొదలయ్యాయి. మెట్ల దగ్గరికి వచ్చేసరికి డ్రెడ్‌నాట్‌ల మంద్రాలన్నీ ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఒకే హోరుగా మారాయి. ఏది ఎవరిదో చెప్పలేని స్థితి. ఆ హోరులో నుంచి ప్రతి మాత్రకూ ఒక చిన్న దెబ్బ, కార్డులోని స్వరాలు విడివిడిగా తెలిసేటంత శుభ్రంగా బయటికి వస్తూనే ఉంది. అది ఆర్చ్‌టాప్. నిలవని నాదం కావడం వల్లనే అది తరువాతి మాత్రకు అడ్డు రాదు. మంద్రం తక్కువ కావడం వల్లనే తబలా డగ్గాతో, కీబోర్డుతో పోట్లాడదు. ఒంటరిగా వింటే లోపంగా తోచే రెండు గుణాలే మేళంలో దాని బలం. అమెరికా జాజ్ సంగీతకారుడు కౌంట్ బేసీ వాద్యబృందంలో ఫ్రెడీ గ్రీన్ 1937 నుంచి 1987లో మరణించే దాకా దాదాపు ఎప్పుడూ యాంప్లిఫయరు లేకుండానే మాత్రకో మీటు చొప్పున ఆర్చ్‌టాప్ వాయించారని చదివినప్పుడు కలగని నమ్మకం ఆ మెట్ల మీద కలిగింది. 1936లో పికప్ (తీగల కదలికను విద్యుత్ సంకేతంగా మార్చే పరికరం) బిగించిన గిబ్సన్ ఇఎస్-150 గిటారు వచ్చాక ఆర్చ్‌టాప్‌కు ఈ పని క్రమంగా అవసరం లేకుండా పోయింది. కాబట్టి ఇప్పుడు దానిని ఒంటరిగా గదిలో విని తీర్పు చెప్పేవారు, అది ఏ పని కోసం పుట్టిందో ఆ పని ఇవ్వకుండానే చెబుతున్నారని నా అభిప్రాయం.

భోజనాల వేళ మాటలన్నీ తేమ మీదికి మళ్లాయి. ప్లైవుడ్ కాని అసలు చెక్కతో చేసిన గిటారుకు 45 నుంచి 55 శాతం తేమ హితవు. కృష్ణ ఒడ్డున వానకాలంలో అంతకు ఎంతో మించుతుంది. పైపలక ఉబ్బి తీగలు ఎత్తుగా లేచిపోతాయి. అమెరికా పుస్తకాలు పెట్టెలో తేమ పెంచే సాధనం పెట్టమంటాయి, ఇక్కడ సిలికా జెల్ పొట్లాలు పెట్టుకోవాలి. ఆర్చ్‌టాప్ బ్రిడ్జికి ఉండే చిన్న మరచక్రాలను తిప్పి తీగల ఎత్తును నిమిషంలో సవరించుకోవచ్చు గనుక మన వాతావరణానికి అదొక సౌకర్యమే.

మధ్యాహ్నం గుంటూరు నుంచి ఒక రిటైర్డు బడి మాస్టారు వచ్చారు. ఆయన తెచ్చినది కోల్‌కతాలో తయారైన ఎఫ్ రంధ్రాల పాత గిటారు. పేరు చెరిగిపోయింది, పలక చెక్కినది కాదు, అచ్చులో వంచిన ప్లైవుడ్. ఆ వరుసలో దాని ధరే అన్నిటికన్నా తక్కువ. ఆయన దానిని ఒడిలో వెల్లకిలా పెట్టుకొని, తీగలను ఎత్తుగా లేపే నట్టు అమర్చి, ఉక్కు కడ్డీ పట్టుకొని మోహన రాగంలో ఒక క్రైస్తవ కీర్తన వాయించారు. గాంధారం మీద కడ్డీని ఆయన ఊపిన తీరుకు వీణ నేర్పే ఆవిడ "భేష్" అన్నారు.

ఆర్చ్‌టాప్‌కు మన దేశంలో దొరికిన రెండో జీవితం ఇదే. జోధ్‌పూర్‌కు చెందిన బ్రిజ్‌భూషణ్ కాబ్రా ఒక గిబ్సన్ సూపర్ 400కు మార్పులు చేసుకొని హిందూస్తానీ రాగాలు వాయించారు. విశ్వమోహన్ భట్ ఆర్చ్‌టాప్‌నే 20 తీగల మోహనవీణగా మార్చుకున్నారు, 1994లో గ్రామీ అందుకున్నారు. అన్ని తీగలు అదనంగా బిగించాలంటే లాగే బరువును టెయిల్‌పీసు మోసే నిర్మాణమే అనుకూలమని, ఉదయం ఆ యువకుడు చెప్పిన మాటతో ఈ సంగతి కూడా ముడిపడింది.

మాస్టారి గిటారులో పై తీగ మీటినప్పుడల్లా లోపల ఏదో గిలగిలమంటోంది. వచ్చినవారిలో మరమ్మతులు చేసే ఒకాయన ఎఫ్ రంధ్రంలోకి చిన్న అద్దం, దీపం దించి చూసి, పలక కింది బద్దె ఒక చివర ఊడిందని, వారం రోజులు తన దగ్గర వదిలితే అతికించి ఇస్తానని చెప్పారు. మాస్టారు గిటారును సంచిలో పెట్టి జిప్పు వేసుకుంటూ, "ఈస్టరు అయ్యాక తెస్తాను నాయనా. అప్పటిదాకా ఆ గిలగిల మా పాటగాళ్లకు అలవాటే" అన్నారు.