ఆది జాకెట్టు

రెండో శనివారం, సెలవు. నెలరోజులుగా బీరువాలో పడి ఉన్న రెండు జాకెట్టు ముక్కలు తీసుకుని, ఎప్పటిలాగే ఆది జాకెట్టు సంచిలో వేసుకుని దానవాయిపేటలో వదిన వాళ్ళింటికి వెళ్ళాను. వదిన పాతికేళ్ళుగా ఇంట్లోనే మిషను కుడుతోంది.

ఆది జాకెట్టు అటూ ఇటూ తిప్పి చూసి, "దీని సైడు కుట్లు ఇప్పటికి ఎన్నిసార్లు విప్పానో నాకే తెలీదు. ఇంక విప్పడానికి గుడ్డ లేదు. ఇవాళ టేపు పెట్టి కొలుస్తాను, లోపలికి రా అమ్మాయ్" అంది.

కొలుస్తూ కొలుస్తూ ఆగిపోయింది. నా భుజం మీద వేలు పెట్టి, "ఈ గాట్లేంటి?" అని అడిగింది. రెండు భుజాల మీదా బ్రా స్ట్రాపు ఉండే చోట వేలు ఇమిడేంత పల్లం, దాని అంచున నల్లటి చార. హ్యాండ్‌బ్యాగు బరువు వల్ల అయ్యుంటుంది అన్నాను. సాయంత్రానికి మెడ లాగేస్తుంటే ఆ బ్యాగునే తిట్టుకుని, బామ్ రాసుకుని పడుకుంటాను మరి.

"బ్యాగు ఒక భుజానికే కదా వేసుకుంటావు. రెండో భుజం సంగతేంటి?"

ఇన్నేళ్ళలో ఆ ప్రశ్న నాకెందుకు తట్టలేదో.

వెనక్కి తిరగమని, బ్రా పట్టీ ఎక్కడిదాకా పాకిందో వేలితో గీసి చూపించింది. వీపు మధ్యలో ఉంది. బరువు మోయాల్సింది చుట్టూ ఉండే ఆ పట్టీయేనట. అది వదులైతే వెనక పైకి ఎక్కుతుంది, ముందు కిందికి జారుతుంది, మోత అంతా భుజాల మీద పడుతుంది. జారుతోంది కదా అని నేను స్ట్రాపులు ఇంకా బిగిస్తూ వచ్చాను.

నా సైజు 36బి. అసలు ఈ నంబరు నాకెవరిచ్చారని ఆలోచిస్తే, 14 ఏళ్ళ కిందట బాబు పుట్టాక వెళ్ళిన ఒక షాపు గుర్తొచ్చింది. కౌంటరు వెనక అబ్బాయి నన్నొకసారి చూసి "36 సరిపోతుందండీ" అన్నాడు. సిగ్గుతో తల దించుకుని, డబ్బా తెరవకుండానే డబ్బులిచ్చి బయటపడ్డాను. పెళ్ళికి ముందు అమ్మ కొనేది. అమ్మ వాటిని 'బాడీలు' అనేది. షాపులో ఆ మాటైనా పైకి అనేది కాదు, కౌంటరు మీదికి వంగి చెవిలో చెప్పినట్టు చెప్పేది. వాళ్ళు న్యూస్‌పేపర్లో చుట్టి ఇచ్చేవాళ్ళు. చంక దగ్గర పావు అంగుళం బిగిస్తే జాకెట్టు విప్పించి మళ్ళీ కుట్టించుకుంటాం. పొద్దుట్నుంచి రాత్రిదాకా ఒంటిని అంటిపెట్టుకుని ఉండే దానికి మాత్రం ఎవరో కంటితో కొలిచిన నంబరు చాలు అనుకున్నాం. ఇది రాస్తుంటే నిజంగా కోపం వస్తోంది.

ఊపిరి వదలమని, రొమ్ముల కింద టేపు చుట్టింది. 29.5 అంగుళాలు. నిండుగా ఉన్న చోట 36.5. "అయితే 30 కొనుక్కోవాలా?" అని కంగారు పడ్డాను. వదిన టేపును వెనక్కి తిప్పింది. అటువైపు 75 సెంటీమీటర్లు. "డబ్బా మీద 34 పక్కన 75 అని కూడా ఉంటుంది, చూడలేదా? నీ ఒంటి కొలత ఆ 75. 34 అనేది ఆ సైజుకి పెట్టిన పేరు."

ఇన్నాళ్ళూ 34, 36 అంటే కింద చుట్టుకొలత అంగుళాల్లో అనే అనుకున్నాను. పై కొలతకీ కింది కొలతకీ ఉన్న తేడాని బట్టి కప్పుకి పెట్టే అక్షరం నాకు సి వచ్చింది. సి అంటే బాగా లావుగా ఉండేవాళ్ళకని నా నమ్మకం. అది కూడా తప్పే. 36బి కప్పులో ఎంత చోటుందో 34సి లోనూ అంతే. పట్టీ ఒక సైజు తగ్గితే అక్షరం ఒకటి పెరుగుతుంది. అంటే కప్పు నాకు ఇన్నేళ్ళూ సరిగ్గానే ఉంది, పట్టీయే వదులు.

వదిన మిషను కట్టేసి నాతో వచ్చింది. మెయిన్ రోడ్డులో మొదటి షాపులో ట్రయల్ లేదన్నారు, కొన్నాక మార్చుకోవడం కూడా లేదట. వేసి చూడనివ్వరు, సరిపోకపోతే తీసుకోరు, ఇంక ఆడవాళ్ళకి తమ సైజు ఎలా తెలుస్తుంది? రెండో చోట అమ్మాయిలే ఉన్నారు, ట్రయల్ రూమ్ ఉంది. అందులో ఒకమ్మాయి, మహా అయితే ఇరవై రెండేళ్ళుంటాయి, ఎంత మామూలుగా మాట్లాడిందో! "కొత్తది కదా మేడం, అన్నిటికన్నా వదులుగా ఉండే హుక్కుకే పెట్టుకోండి. ఎలాస్టిక్ సాగేకొద్దీ లోపలి హుక్కులకి జరుపుకోవచ్చు" అంది. ముందుకు వంగి, చేత్తో లోపలికి సర్దుకుని, అప్పుడు నిలబడమంది. చేతులు పైకెత్తి చూశాను. పట్టీ కదల్లేదు. వీపు దగ్గర రెండు వేళ్ళు దూరుతున్నాయి. అదే 34సి ఇంకో మోడల్లో చంక కింద కోసుకుంది, కాబట్టి నంబరు తెలిసినా వేసి చూడాల్సిందే.

పక్కనే కుర్తీలు చూశాం. ఎల్ ఛాతీకి సరిపోయింది, భుజాలు మాత్రం మోచేతుల వైపు జారాయి. ఇంకో కంపెనీ ఎల్ తలలోంచి కిందికే దిగలేదు. మన దేశానికి సొంత సైజుల పట్టిక తయారు చేయడానికి నిఫ్ట్ (జాతీయ ఫ్యాషన్ టెక్నాలజీ సంస్థ) వాళ్ళు ఇండియాసైజ్ అనే సర్వే పెట్టుకుని, హైదరాబాద్‌తో సహా ఆరు నగరాల్లో మనుషుల కొలతలు తీసే పని చేపట్టారు. ఆ పట్టిక త్వరగా షాపులదాకా రావాలని గట్టిగా కోరుకుంటున్నాను.

రెండు కొన్నాను, ఒకటి ఒంటి మీదే ఉంచుకుని వచ్చేశాను. ఇప్పుడు రాత్రి పదవుతోంది. మెడ లాగడం లేదని చెప్పలేను, కానీ బామ్ జోలికి పోలేదు. గాట్లు అలాగే ఉన్నాయి.

29.5, 36.5 అని ఇక్కడ తేదీతో సహా రాసుకున్నాను. ఆర్నెల్లకి మళ్ళీ కొలుస్తానంది వదిన. పాత ఆది జాకెట్టు తిరిగి తెచ్చుకోలేదు. షాపుల నుంచి వదిన వాళ్ళింటికి తిరిగొచ్చాక, నేను బయల్దేరేసరికి దాని హుక్కులు పనికొస్తాయని బ్లేడుతో ఒక్కొక్కటీ విప్పుతూ కూర్చుంది. కొత్త జాకెట్లు గురువారానికి ఇస్తానంది.