ఇన్‌స్టాల్ చేసిందొకటి, నడిచేదొకటి

పండక్కి ఊరెళ్ళినప్పుడు మా పెద్దమ్మ ఒకాయన్ని చూపించి "ఈయన నీకు వరసకి ఏమవుతాడో చెప్పు చూద్దాం" అంటే నీళ్ళు నమిలాను. ఆ ఉక్రోషంతో తిరిగొచ్చాక మా చుట్టరికాలన్నీ ప్రోలాగ్‌లో, అంటే వాస్తవాలూ రూల్సూ రాసిస్తే జవాబులు వెతికిపెట్టే ప్రోగ్రామింగ్ భాషలో, రాసేద్దామని కూర్చున్నా. ప్రోలాగ్ పాఠాల్లో ఎక్కడ చూసినా మొదటి ఉదాహరణ కుటుంబమే, కాకపోతే ఇంగ్లీషు వాళ్ళకి అంకుల్ అంటే అయిపోతుంది. మనకి బావ అన్న ఒక్క మాటకే మేనమామ కొడుకు, మేనత్త కొడుకు, అక్క మొగుడు అని కనీసం మూడు రూల్స్ రాయాలి, అందులో మొదటి ఇద్దరూ మనకన్నా పెద్దవాళ్ళయి ఉండాలి.

ప్రోలాగ్‌ని నడిపే ప్రోగ్రాముల్లో ముందు గ్నూ ప్రోలాగ్ వేశాను. నా లినక్స్ ఉబుంటులో ప్యాకేజీ పేరు జీప్రోలాగ్, సాఫ్ట్‌వేర్ దించి పెట్టే ఆప్ట్ కమాండ్‌తో నిమిషంలో దిగిపోతుంది. దాంతో వచ్చే జీపీఎల్‌సీ అనే కంపైలర్ మన ఫైల్ని నేరుగా మెషిన్ కోడ్‌గా మార్చి చేతిలో పెడుతుంది, అది నాకు బాగా నచ్చింది. కానీ అందులో వచ్చిన 1.4 వెర్షన్‌కి యూనికోడ్ (తెలుగులాంటి లిపులకి కంప్యూటర్లో వాడే అక్షరాల పద్ధతి) ఊసే లేదు, నాకేమో పేర్లు తెలుగులోనే కావాలి. స్వి-ప్రోలాగ్ అని ఇంకోటుంది, దాంట్లో ఆ ఇబ్బంది లేదు. ప్రోలాగ్‌లో ఇంగ్లీషు పెద్దక్షరంతో మొదలైతే వేరియబుల్, అంటే విలువ ఇంకా తేలని పేరు. తెలుగులో పెద్దక్షరాలు లేవు కాబట్టి సీతమ్మ అని రాస్తే కొటేషన్లు లేకుండానే ఆటమ్‌గా, అంటే మారని పేరుగా, తీసుకుంటుంది, వేరియబుల్ కావాలంటే ముందు అండర్‌స్కోర్ పెట్టాలి, అంతే.

సరే అని స్వి-ప్రోలాగ్ కూడా ఆప్ట్‌తోనే వేశా. నాది ఉబుంటు 22.04, అందులో దొరికేది 8.4.2. అంతా సవ్యంగా అయిందని ఆప్ట్ చెప్పింది. తీరా దాన్ని నడిపే కమాండ్ స్విపిఎల్ అని కొట్టి వెర్షన్ అడిగితే 7.6.4 అంటోంది! తీసేసి మళ్ళీ వేశా, అదే మాట. ఇంకోసారి తీసేశా, ఈసారి తీసేశాక కూడా స్విపిఎల్ హాయిగా నడుస్తోంది. అప్పటికి గంట పోయింది, టీ చల్లారింది.

ఒక పేరుతో ఉన్న ప్రోగ్రాములు ఎక్కడెక్కడున్నాయో చూపే విచ్ కమాండ్‌కి హైఫన్ ఏ తగిలించి అడిగితే అసలు సంగతి బయటపడింది. ఎప్పుడో కొన్నేళ్ళ క్రితం సోర్స్ నుంచి నేనే కంపైల్ చేసుకున్న కాపీ యూఎస్ఆర్ లోకల్ బిన్‌లో కూర్చుని ఉంది. పాత్‌లో, అంటే కమాండ్ల కోసం వెతికే ఫోల్డర్ల వరసలో, ఆ ఫోల్డర్ యూఎస్ఆర్ బిన్ కన్నా ముందుంటుంది, అందుకని మనం కొట్టే కమాండ్లని నడిపే షెల్‌కి మొదట దొరికేది అదే. చేత్తో పెట్టినదాని గురించి ఆప్ట్‌కి ఏమీ తెలియదు, దాన్ని తీసేయడం దాని పనీ కాదు. ఆ లింకునీ, లోకల్ లిబ్‌లో ఉన్న దాని ఫోల్డర్‌నీ నేనే తీసేసి, ఆప్ట్‌తో మళ్ళీ వేసి స్విపిఎల్ కొడితే "అలాంటి ఫైలే లేదు" అంది. నా షెల్ అయిన బాష్ పాత దారిని గుర్తుపెట్టుకుంటుందన్నమాట, హ్యాష్ హైఫన్ ఆర్ కొట్టాకే దారికొచ్చింది.

ఆ తర్వాత కొత్తది కావాలనిపించి స్వి-ప్రోలాగ్ వాళ్ళ పీపీఏ, అంటే వాళ్ళే నడిపే ప్యాకేజీల నిల్వ, జోడించాను. స్టేబుల్, డెవెల్ అని రెండుంటాయి. వెర్షన్‌లో రెండో అంకె సరి సంఖ్యయితే స్థిరమైనది, బేసి అయితే ఇంకా పని జరుగుతున్నది. ఏది ఎక్కణ్ణుంచి దిగబోతోందో ఆప్ట్-క్యాష్ పాలసీ ముందే చూపిస్తుంది, నేనా పని మొదటే చేసి ఉండాల్సింది. సర్వర్ మీదైతే నాక్స్ అని చివరున్న ప్యాకేజీ చాలు, కిటికీలూ బొమ్మలూ మనకెందుకు.

ఇంకో తిరకాసు ఉంది. అదనపు లైబ్రరీలు చాలావరకు ఆప్ట్ నుంచి రావు. వాటికి ప్రోలాగ్ లోపలే ప్యాక్ ఇన్‌స్టాల్ అని వేరే ఏర్పాటుంది, అవి మన హోమ్ ఫోల్డర్‌లోకి చేరతాయి. ఆప్ట్ స్వి-ప్రోలాగ్‌ని 8 నుంచి 9కి ఎక్కించినా ఈ ప్యాక్‌లు ఎక్కడున్నవి అక్కడే ఉంటాయి. సీ భాషలో రాసిన కోడ్ ఉన్న ప్యాక్ ఒకటి నాకు అలాగే మొరాయిస్తే ప్యాక్ రీబిల్డ్‌తో సర్దుకుంది.

అందుకే ఇప్పుడు ఆప్ట్-మార్క్ హోల్డ్ పెట్టేశాను, నేను వదిలేదాకా వెర్షన్ కదలదు. వదలాలంటే అన్‌హోల్డ్ కొట్టాలి. ఆ ముక్క చుట్టరికాల ఫైల్ మొదట్లో కామెంట్‌గా రాసిపెట్టుకున్నా, నా మెషిన్లో నేనే చేసిన పని నాకు గుర్తుండదని తేలిపోయింది కదా.