ఇంటి ప్రింటర్ వైఫైలో నిలబడేదాకా

మా ఇంట్లో ఉన్నది ఇంక్ ట్యాంక్ ప్రింటర్. స్క్రీన్ లేదు, నాలుగైదు బటన్లు, పక్కన లైట్లు. ఇన్నాళ్లూ యూఎస్‌బీ కేబుల్‌తో నడిచింది. దాన్ని వైఫైలోకి ఎక్కించి, ఇంట్లో ఎవరు ఏ గదిలోంచి ప్రింట్ కొట్టినా కాగితం బయటికి రావాలన్నది నేను పెట్టుకున్న పని. ఎక్కడిదాకా వచ్చిందో రాసుకుంటున్నాను.

కలపడం

ప్రింటర్ మీద వైఫై బటన్ నొక్కి పట్టుకుంటే లైటు మిణుకుమిణుకుమంటుంది. అప్పుడు ఫోన్‌లో యాప్ తెరిచి పాస్‌వర్డ్ ఇవ్వాలి. యాప్‌కి ప్రింటర్ కనిపించింది గానీ నెట్‌వర్క్‌లో చేర్చే దగ్గర ఆగిపోయింది. చిక్కు రౌటర్‌లో ఉంది. అందులో వైఫై నడిచే రెండు బ్యాండ్లకీ, అంటే 2.4 గిగాహెర్ట్జ్‌కీ 5 గిగాహెర్ట్జ్‌కీ, ఒకే పేరు. ఇళ్లలో వాడే ప్రింటర్లు చాలావరకు 2.4 మీదే పనిచేస్తాయి, ఫోనేమో 5 మీద ఉంది. బ్రౌజర్‌లో 192.168.1.1 కొట్టి రౌటర్‌లోకి వెళ్లి రెండిటికీ వేర్వేరు పేర్లు పెట్టాను. ఫోన్‌ని 2.4కి మార్చాక చేరిక సాఫీగా జరిగింది. మీ రౌటర్‌లో సెక్యూరిటీ (వైఫైకి వేసే తాళం) కొత్త రకమైన డబ్ల్యూపీఏ3 ఒక్కటే పెట్టి ఉంటే పాత ప్రింటర్లు కలవవు, 2.4 వరకు డబ్ల్యూపీఏ2 పెట్టుకోండి.

అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లు ఛానల్ (బ్యాండ్ లోపల రౌటర్ వాడుకునే వరస) కూడా చూసుకోవాలి. వైఫై ఎనలైజర్ యాప్‌లో చూస్తే పక్క ఫ్లాట్ల రౌటర్లన్నీ 6వ ఛానల్ మీదే గుమిగూడి ఉన్నాయి. 1, 6, 11 ఛానళ్లు ఒకదానిమీద ఒకటి పడవు కాబట్టి ఆ మూడింట్లోనే ఎంచుకోవడం మంచిది. నేను 11 తీసుకుని, ఛానల్ వెడల్పు 20 మెగాహెర్ట్జ్ పెట్టాను.

కలిశాక మొదట తీయాల్సింది నెట్‌వర్క్ స్టేటస్ షీట్. ఏ బటన్లు కలిపి నొక్కాలో మాన్యువల్‌లో ఉంటుంది. ఆ ఒక్క కాగితంలో వైఫై పేరు, ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో ప్రింటర్‌కి ఇచ్చిన నంబరు), మ్యాక్ అడ్రస్ (ప్రింటర్‌కి తయారీలోనే వచ్చే గుర్తింపు నంబరు), సిగ్నల్ బలం అన్నీ వచ్చేస్తాయి. ఐపీ 169.254తో మొదలైతే రౌటర్ దానికి అడ్రస్ ఇవ్వలేదని అర్థం, అంటే చేరిక ఇంకా పూర్తి కాలేదు. ఆ షీట్ మడిచి పేపర్ ట్రే వెనకాల పెట్టాను, తర్వాత బాగా పనికొచ్చింది.

కరెంటు పోయి వచ్చాక

కొన్నాళ్లు బాగానే నడిచింది. ఒక సాయంత్రం కరెంటు పోయి వచ్చింది, ల్యాప్‌టాప్‌లో ప్రింటర్ ఎదురుగా ‘ఆఫ్‌లైన్’ అని పడింది. ప్రింటర్ లైటు మాత్రం నిలకడగా వెలుగుతోంది. ఇలాంటప్పుడు అంతా తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేసేవాళ్లే ఎక్కువ. అక్కర్లేదు. ముందు కొత్తగా స్టేటస్ షీట్ తీసి పాతదాని పక్కన పెట్టి చూడాలి. పాత షీట్‌లో ఐపీ చివర 7, కొత్తదాంట్లో 12. రౌటర్ ఆగి మళ్లీ లేచినప్పుడు ప్రింటర్‌కి వేరే అడ్రస్ ఇచ్చింది, ల్యాప్‌టాప్ పాత అడ్రస్‌నే పిలుస్తోంది. ల్యాప్‌టాప్ కమాండ్ ప్రాంప్ట్‌లో కొత్త ఐపీకి పింగ్ (‘ఉన్నావా’ అని పిలిచి చూసే ఆదేశం) కొడితే వెంటనే జవాబు వచ్చింది. పింగ్‌కి జవాబు వస్తే వైఫై బాగానే ఉన్నట్టు, వెతకాల్సింది కంప్యూటర్‌లో. రాకపోతే రౌటర్ వైపు చూడాలి. ఈ ఒక్క పరీక్షతో సగం పని తగ్గుతుంది.

దీనికి పక్కా మందు, అడ్రస్ మారకుండా కట్టేయడం. రౌటర్‌లో డీహెచ్‌సీపీ (అడ్రస్‌లు పంచే ఏర్పాటు) పేజీలో అడ్రస్ రిజర్వేషన్ అని ఉంటుంది. షీట్‌లోని మ్యాక్ అడ్రస్ అక్కడ ఎక్కించి 192.168.1.50 ఇచ్చాను. ఐపీని ప్రింటర్‌లోనే స్థిరంగా పెట్టేయొచ్చు గానీ, రేపు రౌటర్ మార్చినప్పుడు ఆ అడ్రస్ కొత్త నెట్‌వర్క్‌కి నప్పకపోతే ప్రింటర్ ఎవరికీ అందదు. స్క్రీన్ లేని మిషన్‌తో అదో తలనొప్పి. అందుకే నా ఓటు రౌటర్‌కే.

ఆ తర్వాత విండోస్‌లో ప్రింటర్ ప్రాపర్టీస్, పోర్ట్స్ తెరిచాను. అక్కడ డబ్ల్యూఎస్‌డీ పోర్ట్ (ప్రింటర్‌ని విండోస్ తనంతట తాను వెతుక్కునే దారి) టిక్ అయి ఉంది. యాడ్ పోర్ట్ నొక్కి, నేరుగా అడ్రస్‌తో పిలిచే స్టాండర్డ్ టీసీపీ/ఐపీ పోర్ట్ ఎంచుకుని చివర 50 ఉన్న అడ్రస్ ఇచ్చాను. ఆ పోర్ట్ సెట్టింగ్స్‌లోనే ‘ఎస్ఎన్ఎంపీ స్టేటస్ ఎనేబుల్డ్’ అని ఉంటుంది, టిక్ తీసేశాను. అది ఆన్‌లో ఉంటే విండోస్ ప్రింటర్‌ని ‘ఎలా ఉన్నావు’ అని అడుగుతుంటుంది, ఆ ప్రశ్నకి జవాబు రాకపోతే బాగున్న ప్రింటర్‌ని కూడా విండోస్ ఆఫ్‌లైన్ అనేస్తుంది. తర్వాత కరెంటు ఎన్నిసార్లు పోయినా ఆ మాట మళ్లీ కనపడలేదు.

క్యూలో ఇరుక్కున్న పాత ప్రింట్లు డిలీట్ కాకపోతే: విండోస్ సర్వీసెస్‌లో ప్రింట్ స్పూలర్ (ప్రింట్లని వరసలో పెట్టి పంపే ప్రోగ్రాం) ఆపి, సీ డ్రైవ్‌లో విండోస్, సిస్టమ్32, స్పూల్, ప్రింటర్స్ ఫోల్డర్ లోపలి ఫైళ్లు తీసేసి, స్పూలర్ మళ్లీ స్టార్ట్ చేయాలి. ఫోల్డర్‌ని మాత్రం తీయకూడదు.

ఫోన్లు

ఐఫోన్లలో ఎయిర్‌ప్రింట్ (వైఫైలో ప్రింట్ కొట్టే సదుపాయం) 2010 నుంచే ఉంది, విడిగా యాప్ అక్కర్లేదు. ఆండ్రాయిడ్‌లో సెట్టింగ్స్‌లో ప్రింటింగ్ ఆన్ చేస్తే చాలు. సెటప్ అయ్యాక ఫోన్ 5 మీద ఉన్నా ఫర్వాలేదు, రెండూ ఒకే రౌటర్ కింద ఉంటే సరిపోతుంది. నాన్న ఫోన్‌కి మాత్రం ప్రింటర్ అసలు కనపడలేదు. చూస్తే ఆ ఫోన్ గెస్ట్ నెట్‌వర్క్‌లో (అతిథుల కోసం విడిగా పెట్టే వైఫై) ఉంది. గెస్ట్‌లో ఉన్నవాటిని ఇంటి నెట్‌వర్క్‌లోని వస్తువులతో మాట్లాడనివ్వకపోవడమే దాని పని. మార్చిన మరుక్షణం ప్రింటర్ పేరు వచ్చేసింది. ఆయన మొదట తీసుకున్నది కరెంటు బిల్లు రసీదు.

తెలుగు పీడీఎఫ్

అమ్మాయి బడి నుంచి వచ్చిన తెలుగు వర్క్‌షీట్ స్క్రీన్ మీద చక్కగా ఉంది, కాగితం మీద ‘స్త్రీ’లో వత్తులు ఊడి పక్కకి జరిగాయి. ఇది వైఫై జబ్బు కాదు, ఫాంటు ప్రింటర్‌కి చేరే దారిలో వచ్చే తేడా. అడోబ్ రీడర్ ప్రింట్ విండోలో అడ్వాన్స్‌డ్ నొక్కి ‘ప్రింట్ యాజ్ ఇమేజ్’ టిక్ పెడితే పేజీ మొత్తం బొమ్మగా వెళ్తుంది. కాస్త నెమ్మది, కానీ అక్షరం చెక్కుచెదరదు. చిన్నపిల్లలు చూసి రాసుకునే కాగితం మీద ఒక్క వత్తు కూడా తప్పుగా ఉండకూడదు, అందుకే తెలుగు వర్క్‌షీట్లన్నీ ఇలాగే తీస్తున్నాను.

ఇంకా మిగిలింది

స్కాన్ ఫోన్‌కి వస్తోంది, ల్యాప్‌టాప్‌కి రావడం లేదు. విండోస్‌లో మా వైఫై ‘పబ్లిక్’ ప్రొఫైల్‌లో ఉంది, అలా ఉంటే నెట్‌వర్క్ డిస్కవరీ (నెట్‌వర్క్‌లోని ఇతర మిషన్లని కనిపెట్టడం) ఆగిపోతుంది. ముందు దాన్ని ‘ప్రైవేట్’ చేసి చూస్తాను. వారానికోసారి ఒక రంగుల పేజీ తీయడం కూడా మొదలుపెట్టాను, వాడకపోతే హెడ్‌లో ఇంక్ ఎండిపోతుంది.