నల్ల నూనె నుంచి అమ్మోనియా దాకా

పెద్ద ఓడల్లో వాడేది కూడా బంకులో దొరికే డీజిల్ లాంటిదే అనుకుంటారు మా కాకినాడలో చాలామంది. నేను ఓడ ఇంజనీరుగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో మేము మండించింది హెవీ ఫ్యూయల్ ఆయిల్. ముడిచమురు నుంచి పెట్రోలు, కిరోసిన్, డీజిల్ అన్నీ తీసేశాక రిఫైనరీలో చివరికి మిగిలే నల్ల సరుకు అది. చల్లారితే తారులా బిగుసుకుపోతుంది. అందుకే ట్యాంకులోనే వేడి చేస్తూ ఉండాలి. నీళ్లనీ మడ్డినీ వేరుచేసే యంత్రం, అంటే ప్యూరిఫయర్‌లోకి 98 డిగ్రీల దగ్గర పంపాలి, ఇంజన్‌లోకి వెళ్లేలోపు 130 దాటించాలి. ప్యూరిఫయర్ విప్పి లోపలి మడ్డి కడగడం ఫోర్త్ ఇంజనీర్ పని. కొన్నేళ్లు ఆ పని నాదే. కాంట్రాక్టు ముగిసి సింగపూర్‌లో ఓడ దిగి ఇంటికి వచ్చాక కూడా గోళ్ల సందుల్లో ఆ నలుపు కొన్నాళ్లు ఉండేది.

ఆ నూనె పొగలో గంధకం ఎక్కువ. రేవుల పక్కన బతికేవాళ్ల ఊపిరితిత్తుల్లోకి పోయేది అదే. ఓడలకు ప్రపంచవ్యాప్తంగా నిబంధనలు పెట్టేది లండన్‌లో ఉన్న అంతర్జాతీయ సముద్రయాన సంస్థ, మా భాషలో ఐఎంఓ. ఇంధనంలో 3.5 శాతం దాకా అనుమతించిన గంధకాన్ని 2020 జనవరి 1 నుంచి 0.5 శాతానికి దించింది. చిమ్నీలో స్క్రబ్బర్ పెట్టుకుంటే పాత నూనె వాడుకోవచ్చని ఒక వెసులుబాటు కూడా ఇచ్చింది. సముద్రపు నీటితో పొగను కడిగి, ఆ నీళ్లను మళ్లీ సముద్రంలోకే వదిలే స్క్రబ్బర్లు చాలా ఓడల్లో ఉన్నాయి. గాలిలో పోయే మురికిని నీళ్లలో కలిపితే శుభ్రం చేసినట్టు ఎలా అవుతుందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. సింగపూర్ తన జలాల్లో అలా వదలడాన్ని అదే రోజు నుంచి నిషేధించింది. మంచి పని చేసింది.

గంధకం తగ్గినంత మాత్రాన వాతావరణానికి మేలు జరిగినట్టు కాదు. కార్బన్ లెక్క వేరు. ప్రపంచ వాణిజ్య సరుకులో 80 శాతానికి పైగా ఓడల మీదే కదులుతుంది. మనుషులు వదిలే గ్రీన్‌హౌస్ వాయువుల్లో ఓడల వాటా దాదాపు 3 శాతం. 2050 నాటికల్లా, లేదా ఆ దరిదాపుల్లో, దాన్ని నికరంగా సున్నాకి తేవాలని 2023లో ఐఎంఓ దేశాలు ఒప్పుకున్నాయి. అదే ఏడాది నుంచి ప్రతి పెద్ద ఓడకీ ఏ (A) నుంచి ఈ (E) దాకా గ్రేడ్ ఇస్తున్నారు. దాన్ని సీఐఐ అంటాం. ఎంత సరుకు మోయగల ఓడ, ఎన్ని మైళ్లు తిరిగి, ఎంత కార్బన్ డయాక్సైడ్ వదిలిందన్నది లెక్క. వరసగా మూడేళ్లు డీ వచ్చినా, ఒక్క ఏడాది ఈ (E) వచ్చినా ఎలా సరిచేస్తారో ప్రణాళిక రాసివ్వాలి.

గ్రేడింగ్ రావాల్సిందే. కాకపోతే ఇంజన్ రూమ్‌లోంచి చూస్తే దాని లోపం ఒకటి ప్రతి ట్రిప్పులోనూ కనిపిస్తుంది. బొగ్గు లోడ్‌తో రేవు బయట లంగరు వేసి బెర్త్ కోసం, అంటే రేవులో ఓడ కట్టే చోటు కోసం, రోజుల తరబడి ఎదురుచూస్తాం. జనరేటర్లు తిరుగుతూనే ఉంటాయి, బాయిలర్ మండుతూనే ఉంటుంది, మైళ్లు మాత్రం సున్నా. వెచ్చటి నీళ్లలో నిలబడ్డ ఓడ అడుగున నాచు, గవ్వలు పట్టేస్తాయి. బయలుదేరాక అదే వేగానికి ఇంకా ఎక్కువ నూనె కావాలి. గ్రేడ్ పడిపోతుంది. ఆఫీసు నుంచి మెయిల్ వస్తుంది, వినియోగం ఎందుకు పెరిగిందో వివరించమని. మా బడా సాబ్, అంటే చీఫ్ ఇంజనీర్, ఆ మెయిల్ సెకండ్ ఇంజనీర్‌నైన నాకు చూపించి, "సెకండ్, బెర్త్ ఇవ్వనిది రేవు, తొందరగా రమ్మన్నది సరుకు వాళ్లు. సంజాయిషీ మాత్రం మనం రాయాలి" అన్నారు. ఆయన బాధ న్యాయమైనదే.

ఆ తొందరే అసలు సమస్య. ఓడ వేగం 10 శాతం తగ్గిస్తే ఇంజన్ మీద భారం పావు వంతుకి పైగా తగ్గుతుంది. ప్రయాణం కాస్త పొడవైనా మొత్తం మీద నూనె ఆదా. కొత్త ఇంధనం, కొత్త ఇంజన్ ఏవీ అక్కర్లేదు. ముందొచ్చిన ఓడకి ముందు బెర్త్ అనే పద్ధతి మాని, ఫలానా రోజు ఫలానా గంటకి రండి అని రేవులు ముందే చెబితే ఉరుకులు పరుగుల మీద వచ్చి లంగరు వేసుకునే అవసరమే ఉండదు. ఇంత తేలికైనది ఇన్నాళ్లుగా ఎందుకు జరగడం లేదంటే, ఆలస్యం ఖర్చు ఎవరు భరించాలన్న పేచీ కాంట్రాక్టుల్లో తెగదు.

కొత్త ఇంధనాల సంగతికి వస్తే నా మనసు రెండుగా ఉంటుంది. వంటనూనె వాడేశాక సేకరించి తయారుచేసే బయోడీజిల్‌ని 24 శాతం కలిపి సింగపూర్‌లో ఇస్తున్నారు. ఫిల్టర్లు కాస్త తరచుగా మూసుకుపోయినా అది మాకు అలవాటైన పనే. మెథనాల్ అలా కాదు. 2023లో లారా మెర్స్క్ అనే కంటెయినర్ ఓడ మెథనాల్‌తో కొరియా నుంచి యూరప్ బయలుదేరి, దారిలో సింగపూర్‌లో నింపుకుంది. అంత దూరమే వెళ్లాలంటే నూనె ట్యాంకు కన్నా దాదాపు రెండున్నర రెట్లు పెద్ద ట్యాంకు కావాలి. 11 డిగ్రీల దగ్గరే దాని ఆవిరి అంటుకోగలదు. పట్టపగలు మంట కంటికి సరిగా కనపడదు. పైగా ఇవాళ దొరికే మెథనాల్‌లో ఎక్కువ భాగం సహజవాయువు, బొగ్గు నుంచి వచ్చేదే. దాన్ని మండించి పచ్చ ఓడ అని చెప్పుకోవడం నాకు నచ్చదు.

అమ్మోనియాలో కార్బనే లేదు, అందుకే అందరి చూపూ దాని మీద. కానీ గాలిలో పది లక్షల పాళ్లకు 300 పాళ్లు చేరితే చాలు, ప్రాణాపాయం. కళ్లు, గొంతు, ఊపిరితిత్తులు, తడి ఎక్కడుంటే అక్కడ కాలుస్తుంది. ఇంజన్ సరిగా ట్యూన్ చేయకపోతే నైట్రస్ ఆక్సైడ్ వస్తుంది. అది కార్బన్ డయాక్సైడ్ కన్నా దాదాపు 270 రెట్లు వేడి పెంచే వాయువు. గ్యాస్ ఓడలు అమ్మోనియాని సరుకుగా దశాబ్దాలుగా మోస్తున్నాయి, నిజమే. అక్కడ అది ఇంజన్ రూమ్‌కి దూరంగా సరుకు ట్యాంకుల్లో ఉంటుంది. ఇప్పుడు రాబోయేది మేము పనిచేసే చోటికి, పైపుల్లో, ప్రెషర్‌తో.

వీడియో కాల్‌లో ఈ మాట చెబితే అమ్మ కంగారు పడింది. "ఒరే నాన్నా, అమ్మోనియా అంటే ఎరువుల ఫ్యాక్టరీలో ఉండేదేగా? అది లీకైతే మనుషులు పరిగెడతారు. సముద్రం మధ్యలో మీరెక్కడికి పరిగెడతార్రా?" నేను రెండు గోడల పైపులు, గాలిని లాగేసే ఫ్యాన్లు, సెన్సర్లు ఉంటాయని వివరించాను. "అవి పనిచేయకపోతే?" అంది. దానికి జవాబు శిక్షణ. 2030ల మధ్య నాటికి 8 లక్షల మంది దాకా నావికులకు కొత్త శిక్షణ కావాల్సి రావచ్చని, ఓడల భద్రతను పరీక్షించి ధ్రువీకరించే డీఎన్‌వీ సంస్థ 2022లో అంచనా వేసింది. మరి మాకు జరుగుతున్నదేమిటి? నేను పనిచేసిన ఒక కంపెనీలో గ్యాస్ ఇంధనాల కోర్సు సెలవుల్లో, మా డబ్బుతో చేసుకురమ్మన్నారు. నెలల తరబడి ఇంటికి దూరంగా ఉండి వచ్చినవాడు, పిల్లల్ని వదిలి మళ్లీ ముంబయిలో క్లాసులో కూర్చోవాలి.

ఇది నాకు దూరపు సంగతి కాదు. మా కాకినాడలోనే ఏఎం గ్రీన్ సంస్థ ఏడాదికి 10 లక్షల టన్నుల గ్రీన్ అమ్మోనియా, అంటే ఎండ, గాలి లాంటి వాటి కరెంటుతో చేసే అమ్మోనియా, తయారుచేసే కర్మాగారం కడుతోంది. అమ్మోనియాకి ముడిసరుకు హైడ్రోజన్. విశాఖ దగ్గర పూడిమడకలో గ్రీన్ హైడ్రోజన్ హబ్‌కి 2025 జనవరిలో ప్రధాని శంకుస్థాపన చేశారు. మరోపక్క కాకినాడ పక్కనే ఉప్పాడలో కెరటాలు ఇళ్లని, రోడ్డుని కోసుకుపోవడం చిన్నప్పటి నుంచి చూస్తున్నాను. ఆ కోతకు కారణాలు చాలా ఉన్నాయి. సముద్రమట్టం పెరిగేకొద్దీ అది ఇంకా తీవ్రమవుతుంది. అందుకే ఓడలు మారాలని నేను గట్టిగా కోరుకుంటాను.

2025 అక్టోబరులో లండన్‌లో ఓడల కార్బన్‌కి ధర పెట్టే ఒప్పందం ఆమోదం పొందుతుందని ఆశపడ్డాను. అమెరికా, సౌదీ అరేబియా అడ్డుపడ్డాయి. 57-49 ఓట్లతో నిర్ణయం ఏడాది వాయిదా పడింది. ఆ పథకంలో వసూలయ్యే నిధిని నావికుల శిక్షణకు కూడా వాడాలని ఉంది. వాయిదా పడిందంటే అదీ ఆగిందన్నమాట. డెక్ మీద వార్త చదువుతూ మా కాడెట్, అంటే ఓడలో పని నేర్చుకుంటున్న శ్రీకాకుళం కుర్రాడు, "అన్నా, అయితే మనకి ఇంకా టైముందా?" అన్నాడు. కొత్త ఓడల ఆర్డర్లు ఆగలేదు, షిప్‌యార్డుల్లో మెథనాల్, అమ్మోనియా ఇంజన్లు బిగిస్తూనే ఉన్నారు, కాబట్టి టైము లేదని చెప్పాను.

వచ్చే కాంట్రాక్టుకి నాకు మెథనాల్ ఓడ ఇస్తామన్నారు, ఒప్పుకున్నాను. కోర్సు రోజులకు జీతం ఇవ్వమని అడిగాను. ఇంజనీర్లకే కాక ఇంజన్ రూమ్‌లో వాళ్ల కింద పనిచేసే ఫిట్టర్‌కీ, ఆయిలర్‌కీ కూడా అదే శిక్షణ ఇవ్వమని రాశాను. లీకు దగ్గరికి మొదట చేరేది ఎక్కువగా వాళ్లే. మొదటిదానికి సరేనన్నారు. రెండోదానికి చూద్దామన్నారు. ఈ సోమవారం మళ్లీ ఫోన్ చేస్తాను.