అయిదు నెలల మాత్రలు, పండ్ల గార

నల్లగొండ జిల్లాలో మా మర్రిగూడ వైపు నోటి పండ్ల మీద కనిపించే మరక ఏదైనా దానికి ఒక్కటే పేరు: గార. బోరు నీళ్లలోని ఫ్లోరైడు వల్ల చిన్ననాడే పడిన పసుపు, గోధుమ రంగు చారలూ గారే, సరిగా తోమక పేరుకుని రాయిలా గట్టిపడినదీ గారే. నలభై ఆరేళ్ల వయసులో వెన్నుపూసకు ఇన్ఫెక్షన్ వచ్చి, అయిదు నెలలపాటు యాంటీబయాటిక్ మాత్రలు మింగవలసి వచ్చినప్పుడు, ఈ ఒక్క మాట కింద ఎన్ని వేర్వేరు సంగతులున్నాయో తెలియక నేను చేయకూడని పనులన్నీ చేశాను.

జబ్బు మా తమ్ముడి మందలో మొదలైంది. 2023 జనవరిలో వరుసగా మూడు గొర్రెలు ఈసుకుపోయాయి, అంటే నెలలు నిండకముందే పిల్లల్ని పోగొట్టుకున్నాయి. సంక్రాంతి సెలవులకు ఊరికి పోయిన నేను ఒక రాత్రి తమ్ముడికి సాయంగా, ఉత్త చేతులతోనే, చచ్చిన పిల్లను, మాయను తీసుకుపోయి పాతిపెట్టి వచ్చాను. నెల తిరిగేసరికి సాయంత్రమైతే జ్వరం, తెల్లవారుజామున పక్క తడిసేటంత చెమటలు, కూర్చోనివ్వని నడుము నొప్పి పట్టుకున్నాయి. మొదట అందరూ వెన్ను టీబీ అనుకున్నారు. హైదరాబాదులో ఎమ్మారై తీసి, రక్తపరీక్ష చేసిన తరువాత అది బ్రూసెల్లోసిస్ అని, అంటే గొర్రెల్లో మనం ఈసుడు రోగం అనేదే మనిషికి అంటిందని తేల్చారు. మొదటి రెండు వారాలు జెంటామైసిన్ ఇంజెక్షన్లు, వాటితోపాటు పరగడుపున రిఫాంపిసిన్, రోజుకు రెండు పూటలా డాక్సీసైక్లిన్ 100 మిల్లీగ్రాముల మాత్ర రాశారు. వెన్నుకు పాకిన జబ్బు కాబట్టి మాత్రలు మూడు నెలలకు తక్కువ కాకుండా వాడాలని, మధ్యలో మానితే తిరగబెడుతుందని ముందే చెప్పారు.

రిఫాంపిసిన్ మొదలైన రోజు నుండే మూత్రం నారింజ రంగుకు తిరిగింది, చెమటకు తెల్ల బనియన్లు రంగు పట్టాయి. అమ్మ కామెర్లని నిశ్చయించుకుని, పసరు మందు పోయిద్దామని రెండు రోజులు పట్టుబట్టింది. అది మందు రంగేనని, దానివల్ల నష్టమేమీ లేదని ఆమెను ఒప్పించడానికి చాలా కష్టపడ్డాను కానీ, మరుసటి నెల పండ్ల దగ్గరికి వచ్చేసరికి నేనూ ఆమెలాగే ఆలోచించాను.

రెండో నెలలో కింది ముందుపండ్ల వెనక నాలుకకు గరుకుగా ఏదో తగలసాగింది. తరువాత ముందుభాగంలో కూడా చిగుళ్ల అంచు వెంబడి నల్లని గీత, దాని పైన టీ రంగు మరకలు తేలాయి. చూడడానికి వచ్చిన తోటి ఉపాధ్యాయుడు నవ్వుతూనే, "ఏంది సార్, గుట్కా మొదలువెట్టిన్రా?" అన్నాడు. ఫ్లోరైడు చారలతో నలభై ఏళ్లు సిగ్గుపడకుండా బతికిన నేను ఆ మాటతో నోరు మూసుకుని మాట్లాడడం నేర్చుకున్నాను. ఉప్పు, బొగ్గుపొడి కలిపి గట్టిగా రుద్దాను. చిగుళ్ల వెంట రక్తం వచ్చింది. రక్తం ఆగడానికి మెడికల్ షాపులో అడిగి క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్ తెచ్చుకుని, సీసా తరువాత సీసాగా రెండు నెలలు పుక్కిలించాను. మరకలు ఇంకా ముదిరాయి. ఇదంతా ఆ మాత్రల పనేనని నమ్మి, ఎవరికీ చెప్పకుండా నాలుగు రోజులు డాక్సీసైక్లిన్ మానేశాను.

నెలవారీ పరీక్షకు పోయినప్పుడు ఆ సంగతి ఒప్పుకున్నాను. నా డాక్టరు సౌమ్యుడే, కానీ ఆ రోజు కాస్త గట్టిగానే అన్నారు: "పండ్లదేముంది, తరువాత కడిగించుకోవచ్చు. వెన్నుపూస కరిగిపోతే ఏం కడిగిస్తారు?" మాత్రలు ఆ పూట నుండే మళ్లీ మొదలుపెట్టించి, పండ్ల డాక్టరుకు చూపించుకొమ్మని చీటీ రాసిచ్చారు.

నల్లగొండలో పండ్ల డాక్టరమ్మ నా నోరు చూడకముందే నేను నోట్లో పోసుకునేవన్నీ బల్ల మీద పెట్టమన్నది. మాత్రలతోపాటు మౌత్‌వాష్ సీసా, రక్తం తక్కువుందని ఊళ్లో ఎవరో చెబితే తాగుతున్న ఐరన్ టానిక్కు బయటికి వచ్చాయి. డాక్సీసైక్లిన్ లాంటి టెట్రాసైక్లిన్ జాతి మందులు పండు తయారయ్యే వయసులో, అంటే సుమారు ఎనిమిదేళ్లలోపు పిల్లల్లో, కాల్షియంతో కలిసి పండు లోపలే రంగుగా నిలిచిపోతాయని, నా పండ్లు ఎప్పుడో తయారైపోయాయి కాబట్టి ఆ భయం నాకు లేదని చెప్పింది. డాక్సీసైక్లిన్ వల్ల పెద్దవాళ్లలో అరుదుగా పైపై మరక పడినా అది శుభ్రం చేస్తే పోతుందట. అదే కుటుంబంలోని మినోసైక్లిన్ సంగతి వేరు, అది పెద్దవాళ్ల పండ్లను కూడా లోపలి నుండి మార్చగలదు. నా విషయంలో మాత్రం అసలు నేరస్థుడు నేను మందనుకుని తెచ్చుకున్న సీసాయే. క్లోర్‌హెక్సిడిన్ ఎక్కువ రోజులు వాడితే టీ రంగును పండ్ల మీదికి పట్టి తెస్తుంది, దాన్ని రెండు వారాలకు మించి సొంతంగా వాడకూడదు. నేను రోజుకు అయిదు కప్పుల టీ తాగేవాణ్ని. చిగుళ్ల వెంట నల్లదనంలో టానిక్కు వాటా కూడా ఉందని, అదీగాక ఐరన్‌ను డాక్సీసైక్లిన్‌తో కలిపి వేసుకుంటే మాత్ర ఒంటికి పట్టదని చెప్పింది. ఈ చివరి మాట విన్నప్పుడు కాళ్లు చల్లబడ్డాయి, ఎందుకంటే రెండింటినీ ఒకే నీళ్లతో మింగేవాణ్ని. పెద్ద డాక్టరుకు ఫోను చేసి అడిగితే కోర్సు ముగిసేదాకా టానిక్కు మానెయ్యమన్నారు.

గరుకుగా తగిలినది మరకే కాదు, పాచి. నడుముకు బెల్టుతో మంచాన పడి, వాష్‌బేసిన్ ముందు వంగలేక మూడు వారాలు సరిగా తోమలేదు, జ్వరానికి నోరు ఎండిపోయేది. నాలుక కింద లాలాజలం ఊరే చోటు దగ్గరగా ఉండడంవల్ల కింది పండ్ల వెనకే ఆ పాచి, లాలాజలంలోని కాల్షియం పట్టి, ముందుగా రాయి కడుతుంది. అది కట్టిన తరువాత బ్రష్షుకు గానీ వేపపుల్లకు గానీ లొంగదు.

క్లీనింగ్ చేయిస్తే పండ్లు కదులుతాయని మా ఊళ్లో గట్టి నమ్మకం. ఆమె దానికి కోపపడకుండా, కదలబోయే పండును ఇన్నాళ్లూ ఆ రాయే పట్టుకుని ఉంటుందని, తీస్తే ఖాళీ తెలుస్తుంది తప్ప కొత్తగా వదులు కాదని వివరించింది. నీళ్లు చిమ్మే సన్నని యంత్రంతో నలభై నిమిషాలు పట్టింది. వారం రోజులు చల్లనీళ్లు తగిలితే జివ్వుమనేది. నేను బొగ్గుతో అరగదీసిన రెండు పండ్ల మొదళ్లు ఇప్పటికీ చల్లదనానికి ఓర్వవు.

జూలైలో మాత్రలు ఆగాయి, అప్పటి ఎమ్మారైలో వెన్ను బాగుపడినట్టు కనిపించింది. ఆరు నెలలకొకసారి నల్లగొండ పోయి పండ్లు చూపించుకుంటున్నాను. మొదటిసారి శుభ్రం చేయించుకుని ఇంటికి వచ్చిన రోజు అమ్మ నా గదవ పట్టుకుని వెలుతురుకు తిప్పి చూసింది. నల్లదనమంతా పోయి, ఏ యంత్రానికీ పోని ఆ పాత గోధుమ చారలు మళ్లీ బయటపడ్డాయి. "ఇగో, ఇవి నీ పండ్లే బిడ్డా" అని, టీ పెట్టడానికి లేచి, మళ్లీ గుర్తొచ్చి మజ్జిగ తెచ్చిచ్చింది.