తడిసిన కోక్, పొడి లెక్క

బొబ్బిలి గ్రోత్ సెంటర్‌లో ఒక ఫెర్రో మాంగనీస్ (ఉక్కు తయారీలో కలిపే లోహం) యూనిట్ ఓనరుగారు ఫోన్ చేసి, "అమ్మా, యూరప్‌లో మన సరుకు కొనే పార్టీ వాళ్లు కార్బన్ ఫారం ఒకటి పంపారు, శుక్రవారం లోపు నింపి ఇచ్చేస్తావా?" అని అడిగారు. ఫ్యాక్టరీలకి కార్బన్ లెక్కలు కట్టడం నా పని, నాకు వచ్చే ఫోన్లలో సగం ఇలాంటివే. ఫారం నింపడం పెద్ద పని కాదు, ఎక్కడో దొరికిన సగటు అంకె వేసి సంతకం పెట్టించేయొచ్చు. చాలామంది అదే చేస్తున్నారు కూడా. నేను మాత్రం ఆయనతో రెండు రోజులు స్టోర్ రూములో కూర్చోనివ్వండి, తర్వాత చెప్తాను అన్నాను.

ముందు ఆ ఫారం సంగతి. యూరోపియన్ యూనియన్ వాళ్ల చట్టం, సీబామ్ (CBAM) అంటారు, బయటి నుంచి వచ్చే సరుకు మీద కార్బన్ ఖర్చు వేసేది. 2023 అక్టోబర్ 1 నుంచి రిపోర్టు ఇస్తే చాలనేవారు, 2026 జనవరి 1 నుంచి అసలు దశ మొదలైంది. సిమెంటు, ఇనుము-ఉక్కు, అల్యూమినియం, ఎరువులు, హైడ్రోజన్, కరెంటు, వీటిలో ఆ చట్టం పట్టికలో ఉన్న సరుకు యూరప్‌లోకి వెళ్తే సాధారణంగా దాని తయారీలో ఎంత కార్బన్ వదిలారో లెక్క చెప్పాలి, ఆ లెక్క ప్రకారం సర్టిఫికెట్లు కొనాలి. కొనాల్సింది అక్కడి దిగుమతిదారే, మన యూనిట్ కాదు. కానీ అంకె ఇవ్వాల్సింది మనమే. అసలు అంకె ఇచ్చి, గుర్తింపు ఉన్న వెరిఫయర్ (లెక్క తనిఖీ చేసేవాళ్లు) చేత ఒప్పించుకోలేకపోతే యూరప్ వాళ్లే ముందే ఖరారు చేసిన ఒక డిఫాల్ట్ విలువ వేసేస్తారు, అదీ కాస్త పెంచి. అప్పుడు మన సరుకు ఖరీదైపోతుంది, పార్టీ ఇంకో చోటు చూసుకుంటాడు. ఓనరుగారి టెన్షన్ అంతా అదే, అది న్యాయమైన టెన్షనే.

మన జిల్లా వాళ్లకు బాగా పనికొచ్చే విషయం ఒకటుంది. ఆ చట్టం పట్టికలో ఫెర్రో మాంగనీస్, ఫెర్రో క్రోమ్, ఫెర్రో నికెల్ ఉన్నాయి, సిలికో మాంగనీస్ లేదు, ఫెర్రో సిలికాన్ కూడా లేదు. అదే ఫర్నేసులో మూడు నెలలు ఇది, మూడు నెలలు అది తీసే యూనిట్లు మన దగ్గర ఉన్నాయి కాబట్టి ఏ నెల ఏ సరుకు తీశారో ట్యాపింగ్ పుస్తకం (ఫర్నేసులోంచి లోహం తీసినప్పుడల్లా రాసేది) చూసి విడగొట్టాలి. ఇంకోటి, కరెంటు. టన్నుకి వేల యూనిట్లు తాగే పరిశ్రమ ఇది, చార్జీలు పెరిగితే ఫర్నేసులు ఆపేసుకునే పరిస్థితి, అందుకని అందరూ కరెంటు బిల్లు చూసి బెంబేలెత్తిపోతారు. కానీ ఇనుము-ఉక్కు కింద వచ్చే సరుకుకి సర్టిఫికెట్ల లెక్కలో యూనిట్ లోపల నేరుగా వదిలిన కార్బన్నే చూస్తారు, కొన్న కరెంటుది చూడరు. ఈ మాట చెప్పగానే ఓనరుగారు హమ్మయ్య అని మొదటిసారి కుర్చీలో వెనక్కి వాలారు.

నేరుగా వదిలేది అంటే ముఖ్యంగా కోక్, బొగ్గుని కాల్చి తయారుచేసే గట్టి ఇంధనం. మాంగనీస్ ఖనిజంలో ఉన్న ఆక్సిజన్‌ని లాగడానికి కోక్ వేస్తాం, దానిలోని కార్బన్ గాలిలోకి పోతుంది. ఒక కిలో కార్బన్ పోతే 44ని 12తో భాగించినంత, అంటే 3.67 కిలోల కార్బన్ డై ఆక్సైడ్ అవుతుంది. ఫర్నేసులోకి కరెంటు పంపే ఎలక్ట్రోడ్ల పేస్టులో కార్బన్ ఉంది, అది కలపాలి. డోలమైట్ రాయి వేస్తే వేడికి అది కూడా కార్బన్ డై ఆక్సైడ్ వదులుతుంది, అదీ కలపాలి. మరోవైపు లోహంలోనే ఉండిపోయిన కార్బన్ తీసేయాలి. హై కార్బన్ ఫెర్రో మాంగనీస్‌లో 7 శాతం కార్బన్ ఉందనుకుంటే టన్ను లోహంలో 70 కిలోలు లోపలే ఉండిపోయినట్టు, అంటే దాదాపు 257 కిలోల కార్బన్ డై ఆక్సైడ్ లెక్కలోంచి తగ్గుతుంది. దీన్ని తీసేయడం మర్చిపోయిన షీట్లు నేను చాలా చూశాను.

ఇప్పుడు నా తప్పు చెప్తాను, ఎందుకంటే ఈ పోస్టు రాయడానికి కారణం అదే. మొదట్లో చేసిన ఒక యూనిట్‌లో ఏడాది పొడుగునా కోక్ బరువుని కాటా చీటీల నుంచి ఎత్తుకుని, ల్యాబ్ రిపోర్టులో ఉన్న కార్బన్ శాతంతో గుణించేశాను. నెలవారీగా చూస్తే మార్చిలో కంటే ఆగస్టులో టన్ను లోహానికి కోక్ బాగా ఎక్కువ పడినట్టు వచ్చింది. లోహం అదే, ఖనిజం అదే. రెండు రాత్రులు ఆ షీటు పట్టుకుని కూర్చున్నాను, ఫార్ములాలు తిరగేశాను, ఏమీ దొరకలేదు. చివరికి స్టోర్ చూసే పెద్దాయన్ని అడిగాను. ముప్ఫై ఏళ్ల సర్వీసు, బాబాయ్ అని పిలుస్తాను.

"ఏటమ్మా, వానాకాలం కోక్ ఎప్పుడూ బరువే కదా. బయట యార్డులో నానిపోద్ది. ఆ నీటికి కూడా తూకం పడతాది."

"మరి మీకు తెలుసు కదా బాబాయ్, ఎక్కడా రాయలేదేం?"

"ఎవులూ అడగలేదు."

ల్యాబ్ చెప్పే శాతం ఎండబెట్టిన కోక్‌కి, నేను గుణించింది తడిసిన కోక్ బరువుని. టన్ను కోక్‌లో 12 శాతం తడి ఉంటే అసలు పొడి కోక్ 880 కిలోలే. అందులో 80 శాతం కార్బన్ అనుకుంటే 704 కిలోలు, కార్బన్ డై ఆక్సైడ్ 2,581 కిలోలు. తడి తీయకుండా లెక్కేస్తే 2,933. ఒక్క టన్ను కోక్ మీద 350 కిలోలు ఉత్తినే నెత్తిన వేసుకున్నట్టు, అది వాన నీళ్లకి కట్టే డబ్బు. ఆ యూనిట్ వాళ్లకి ఫోన్ చేసి నేనే తప్పు చేశానని చెప్పి, షీటు మొత్తం మార్చి ఇచ్చాను.

అప్పటి నుంచి ఏ యూనిట్‌కి వెళ్లినా లాప్‌టాప్ తెరవకముందే స్టోరుకి, కాటా దగ్గరికి, ల్యాబ్‌కి వెళ్తాను. అక్కడ రాసేవాళ్లకి ఈ అంకె ఎక్కడికి వెళ్తుందో, దాని మీద ఏం ఆధారపడి ఉందో కూర్చోబెట్టి చెప్తాను. ఇది మర్యాద కోసం చేసేది కాదు. వెరిఫయర్ వచ్చి చూసేది ఆ పుస్తకాలే, ఆ పుస్తకంలో చేతిరాత ఎవరిదో వాళ్లకి కారణం తెలియకపోతే నెలాఖరున అన్నీ ఒకేసారి రాసి పెట్టేస్తారు, తప్పు వాళ్లది కాదు.

మన దేశం లెక్క వేరే. స్టాక్ మార్కెట్లని చూసే సెబీ 2022-23 నుంచి మార్కెట్ విలువలో మొదటి 1000 లిస్టెడ్ కంపెనీలకి బీఆర్ఎస్ఆర్ (పర్యావరణం, సామాజిక బాధ్యతల మీద ఇచ్చే) రిపోర్టు తప్పనిసరి చేసింది. చిన్న యూనిట్లకి అది నేరుగా వర్తించదు, కానీ పెద్ద కంపెనీకి సరుకు వేస్తే వాళ్లు అడగడం మొదలుపెట్టారు. ఇక్కడ చిక్కు ఏంటంటే లోడర్‌కి పోసే డీజిల్, లీటరుకి సుమారు 2.7 కిలోల కార్బన్ డై ఆక్సైడ్ చొప్పున, కంపెనీ లెక్కలో స్కోప్ 1 (కంపెనీ నేరుగా వదిలేది) కింద రాస్తాం, సీబామ్‌లో మాత్రం సరుకు మోసే బండ్ల డీజిల్ రాదు. కొన్న కరెంటు ఇక్కడ స్కోప్ 2, ఒక యూనిట్ కరెంటుకి సుమారు 0.7 కిలోలు. ఒకే ఫ్యాక్టరీకి రెండు ఫారాల్లో రెండు అంకెలు రావడం తప్పు కాదని ఓనర్లకి చెప్పడానికే నాకు చాలా టైం పడుతుంది.

పలాస నుంచి జీడిపప్పు ఫ్యాక్టరీ వాళ్లు ఒకరు కూడా అడిగారు. జీడిపప్పు సీబామ్‌లో లేదు. కంపెనీ లెక్కలో అయితే, బాయిలర్‌లో జీడి పెంకులు కాలిస్తే వచ్చే కార్బన్ డై ఆక్సైడ్ చెట్టు నుంచి వచ్చింది కాబట్టి విడిగా చూపిస్తే సరిపోతుంది, బొగ్గుతో కలిపి రాయకూడదు. మీథేన్, నైట్రస్ ఆక్సైడ్ కొద్దిగా ఉంటాయి, వాటిని మాత్రం లెక్కలో వేయాలి.

అంచనా వేసిన చోట అంచనా అని రాయండి, ఎలా వేశారో పక్కనే రాయండి. డీజిల్ స్లిప్పులు రెండు నెలలవి పోతే మిగతా పది నెలల నుంచి లెక్కగట్టొచ్చు, అది నేరం కాదు. అంచనాని కొలత అని చెప్పడం మాత్రం నేను చేయను, చేయించను. ఆ మాట మీదే రెండు పనులు పోయాయి కూడా.

బొబ్బిలి యూనిట్ ఫారం శుక్రవారానికి వెళ్లలేదు. పార్టీకి మెయిల్ పెట్టి మూడు వారాలు అడిగాం, ఇచ్చారు. కోక్ పుస్తకంలో ఇప్పుడు "తడి శాతం" అని కొత్త గడి గీశారు, లారీకి ఒక శాంపిల్ ల్యాబ్‌కి వెళ్తోంది. వచ్చే సోమవారం గరివిడి వైపు ఇంకో యూనిట్‌కి వెళ్లాలి. ఫోన్‌లోనే అడిగాను, కోక్ యార్డుకి షెడ్డు లేదట, ల్యాబ్‌లో కోక్ శాంపిల్ ఎండబెట్టే ఓవెన్ ఉంది గానీ పాడై మూడు నెలలైందట. నేను వచ్చేలోపు ఓవెన్ బాగు చేయించి ఉంచమన్నాను.